పేరు రాయొద్దన్న టీచరమ్మకు

మొన్న మంచు తుఫానులో, మిషిగన్ ఉత్తర కొసన హాంకాక్ ఊరు దాటాక మా కారు రోడ్డు పక్కకు జారి కూరుకుపోయింది. వెనక సీట్లో మూడేళ్ల పాప ఒకటే ఏడుపు. ఒక పెద్దావిడ బండి ఆపి, డిక్కీలోంచి పార తీసి, నాకంటే ముందే మంచు తవ్వడం మొదలుపెట్టారు. తర్వాత వాళ్లింటికి తీసుకెళ్లారు.

పల్లె బడిలో 30 ఏళ్లకు పైగా పాఠాలు చెప్పారట. తాతగారు రాగి గనుల్లో పనికి ఫిన్లాండ్ నుంచి వచ్చారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ వెన్ను నిటారైంది. ఆవిరి స్నానాల గదిని నేను 'సానా' అన్నానో లేదో, 'సౌనా' అని దిద్దారు. టీచరు టీచరే! ఫిన్నిష్ వలసదారులు 1896లో పెట్టుకున్న కాలేజీ 2023లో మూతపడిన సంగతి దగ్గర మాత్రం గొంతు పూడుకుపోయింది.

'నిసు' రొట్టె పెట్టారు (పేరు విని భయపడకండి, ఏలకుల ఘుమఘుమ). ఫిన్నిష్‌లో తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే సుంకమట. తెలుగులో రాసి చూపిస్తే దీర్ఘం, ఒత్తు తేడా చూసి మురిసిపోయి, ఆ కాగితం ఫ్రిజ్‌కి అంటించుకున్నారు.

డబ్బివ్వబోతే కసిరారు. కీతోస్ (మీ ఫిన్నిష్‌లోనే థాంక్స్), టీచరమ్మా! మీరిచ్చిన ఉన్ని మేజోళ్లు పాప ఇంకా విప్పనంటోంది.