అర్థశాస్త్రానికి నెలకొక ప్రయోగ పీరియడు ఇవ్వండి: జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా వినతిపత్రాలకు జవాబు రాలేదు కనుక అందరి ముందూ రాస్తున్నాం. ఆర్థికవేత్త రాబిన్స్ 1932లో అర్థశాస్త్రానికి ఇచ్చిన కొరత నిర్వచనాన్ని పిల్లలు పొల్లుపోకుండా అప్పజెబుతున్నారు. ఇంట్లో బోరు వేయాలా, అక్కను చదివించాలా అన్న మాట వస్తే మాత్రం అవకాశ వ్యయం, అంటే ఒకటి ఎంచుకుంటే వదులుకునే రెండోదాని విలువ, లెక్కగట్టలేకపోతున్నారు.

దీనికి కావలసింది 40 చింతగింజలే. అవి చెరువు నీళ్లు. తరగతిని 10 జట్లు చేయాలి. ఒక్కో జట్టు ఒక పంట ఎంచుకోవాలి: వరికి 6 గింజలు, వేరుశనగకు 3. రాబడి వరికే ఎక్కువని చెప్పాలి. మొదటిసారి జట్లను మాట్లాడుకోనివ్వకూడదు. అందరూ వరి వేస్తే 60 గింజలు కావాలి, చెరువు ఎండుతుంది. ఎవరి నిర్ణయం వారికి సబబే, నష్టం మాత్రం ఊరందరికీ. రెండోసారి మాట్లాడుకోనిస్తే వంతుల సంగతి వాళ్ల నోటే వస్తుంది. జవాబు ముందే చెబితే పాఠం చెడుతుంది.

నెలకొక పీరియడు, త్రైమాసిక పరీక్షలో ఇలాంటి ప్రశ్న ఒకటి ఉండేలా వచ్చే విద్యాసంవత్సరానికి ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
అర్థశాస్త్ర అధ్యాపకులు