గరిష్ఠ మొత్తం కొనుగోలు ధర కాదు

సంపాదకులకు,

అయ్యా,

ఒక కంపెనీ మరొక కంపెనీని కొన్నప్పుడు, అప్పటికప్పుడు చెల్లించే నగదుకు, లక్ష్యాలు చేరితే తర్వాత ఇస్తామన్న గరిష్ఠ మొత్తాన్ని కూడా కలిపి కొనుగోలు ధరగా శీర్షికల్లో వేయడం మన వాణిజ్య పేజీల్లో పరిపాటి అయింది. 2015లో ఇన్ఫోసిస్, ఆన్‌లైన్ అమ్మకాల సాఫ్ట్‌వేర్ సంస్థ స్కావాను కొన్నప్పుడు ప్రకటించిన మొత్తం 12 కోట్ల డాలర్లు. అందులో నగదు 9.1 కోట్లు, 2017 డిసెంబరు నాటికి ఆర్థిక లక్ష్యాలు సాధిస్తేనే చెల్లించవలసినది 2 కోట్ల వరకు, మిగిలింది ఉద్యోగులు కొనసాగితే ఇచ్చే బోనస్. ఈ బోనస్ కొనుగోలు ధర కిందికే రాదు, అది జీతాల ఖర్చు. షరతుతో ముడిపడిన 2 కోట్లనైనా ఇన్ఫోసిస్ పూర్తిగా లెక్కలోకి తీసుకోలేదు. లక్ష్యాలు నెరవేరే అవకాశాలను అంచనా వేసి, 14 శాతం డిస్కౌంట్ రేటుతో (తర్వాత చెల్లించే సొమ్మును నేటి విలువకు మార్చే వార్షిక రేటు) కొనుగోలు నాటి విలువకు తగ్గించి చూపారు.

కంపెనీల కొనుగోళ్లకు వర్తించే మన అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 103 కోరేదీ ఇదే. ఉదాహరణకు, మూడేళ్ల తర్వాత అమ్మకాలు ఒక స్థాయి దాటితే రూ.20 కోట్లు ఇస్తామని ఒప్పందం ఉండి, అందుకు 60 శాతం అవకాశం ఉందనుకుంటే, రూ.12 కోట్లను 14 శాతం రేటుతో తగ్గించగా వచ్చే సుమారు రూ.8.10 కోట్లే కొన్న రోజున అప్పుగా చూపాలి. ఏడాది గడిచాక అంచనా ఏమీ మారకపోయినా ఆ అప్పు రూ.9.23 కోట్లకు పెరుగుతుంది. అవకాశం 90 శాతానికి చేరితే రూ.13.85 కోట్లవుతుంది. ఆ పెరుగుదల గుడ్‌విల్‌లో (కొన్న కంపెనీ నికర ఆస్తుల విలువకు మించి ఇచ్చిన ధర) కలవదు, నేరుగా లాభనష్టాల ఖాతాకు ఖర్చుగా వెళుతుంది. అంటే కొన్న వ్యాపారం బాగా నడిస్తే నష్టం, చతికిలపడితే లాభం కనిపిస్తుందన్నమాట! చెల్లింపు నగదులో కాక నిర్ణీత సంఖ్యలో వాటాల రూపంలో ఉండి, అప్పుగా కాక ఈక్విటీగా (వాటాదారుల మూలధనంగా) వర్గీకరించినదైతే మాత్రం మళ్లీ విలువ కట్టనక్కరలేదు.

ఆడిటర్లు గట్టిగా నిలదీయవలసిన చోటు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మొదటి రోజున అప్పును కావాలని ఎక్కువగా అంచనా వేస్తే గుడ్‌విల్ ఉబ్బుతుంది. ఇండ్ ఏఎస్ కింద గుడ్‌విల్‌ను ఏటా కొంత చొప్పున రద్దు చేయరు, విలువ తగ్గిందా అని పరీక్షిస్తారంతే. ఆ పరీక్ష గట్టెక్కితే, తర్వాత అప్పును తగ్గించినప్పుడల్లా తేరగా ఆదాయం వచ్చి పడుతుంది. మొదటి ఏడాదిలో అంచనాలు సవరించుకునే వెసులుబాటు ఉందిగా అని కొందరు వాదిస్తారు. కానీ అది కొనుగోలు తేదీ నాటికే ఉన్న వాస్తవాలు ఆలస్యంగా తెలిసినప్పుడే వర్తిస్తుంది తప్ప, ఆ తర్వాత అమ్మకాల లక్ష్యం చేరడానికీ చేరకపోవడానికీ వర్తించదు.

కొనుగోలు నాటికి ఎంత గుర్తించారో, చివరికి ఎంత నుంచి ఎంత దాకా చెల్లించవలసి రావచ్చో కంపెనీలు ఆర్థిక నివేదికల నోట్స్‌లో వెల్లడించాలని ప్రమాణమే చెబుతోంది. కాబట్టి మీ విలేకరులు నగదును, షరతులతో కూడిన చెల్లింపును, ఉద్యోగుల బోనస్‌ను విడివిడిగా ప్రచురించాలనీ, ఒప్పందం నాడు రాసిన వార్తను లక్ష్యాల గడువు ముగిసిన ఏడాది వార్షిక నివేదికతో ఒకసారి సరిచూడాలనీ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక చార్టర్డ్ అకౌంటెంట్,
విజయవాడ