క్లిక్ గేమ్ చేస్తున్నారు, మౌస్ పిల్లల చేతిలోనే ఉండనివ్వండి

తల్లిదండ్రులందరికీ నమస్తే అండి,

ఈ నెల కంప్యూటర్ క్లాసులో పిల్లలు ఒక చిన్న గేమ్ చేస్తున్నారు, తెర మీద బొమ్మ ఉంటుంది, దాన్ని క్లిక్ చేస్తే స్కోరు ఒకటి పెరుగుతుంది, అంతే. ఇందులో నేర్చుకోడానికి ఏముందండీ అని కొంతమంది అడిగారు, అందుకే ఈసారి లెటర్ మొత్తం దీని గురించే.

మేం వాడేది స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ మీడియా ల్యాబ్ వాళ్ళు 2007లో బయటికి తెచ్చారు, ముఖ్యంగా 8 నుంచి 16 ఏళ్ళ పిల్లల కోసం, పూర్తిగా ఫ్రీ. కోడ్ టైప్ చెయ్యక్కర్లేదు, రంగురంగుల బ్లాకులు లాగి ఒకదాని కింద ఒకటి తగిలించడమే, కాబట్టి స్పెల్లింగ్ తప్పుల గొడవ ఉండదు, బుర్రంతా అసలు ఏం జరగాలి అన్నదాని మీదే పెట్టొచ్చు.

ముందుగా స్కోరు అని ఒక వేరియబుల్ పెడతారు, అంటే కంప్యూటర్ ఒక నంబర్ గుర్తుపెట్టుకునే చోటన్నమాట. ఇక్కడే మొదటి చిక్కు. ఉన్న స్కోరుకి 1 కలిపే "చేంజ్" బ్లాక్ బదులు స్కోరుని నేరుగా 1 చేసేసే "సెట్" బ్లాక్ పెడితే ఎన్నిసార్లు క్లిక్ చేసినా స్కోరు 1 దగ్గరే ఉండిపోతుంది. అది సరయ్యాక, పచ్చ జెండా నొక్కి మళ్ళీ మొదలుపెడితే పాత స్కోరే కనిపిస్తుంది, ఎందుకంటే సున్నా చెయ్యమని ఎవరూ చెప్పలేదు కదా, చెప్పనిది కంప్యూటర్ చెయ్యదు.

అసలు మజా గేమ్‌లో పాయింట్లతో కొనుక్కునే షాప్ పెట్టినప్పుడు వస్తుంది. 10 పాయింట్లు ఇస్తే ఒక్కో క్లిక్‌కి 2 వచ్చేలా చేస్తారు, కానీ స్కోరు 3 ఉన్నప్పుడు కొంటే మైనస్ 7 అవుతుంది! అప్పుడు "ఇలా ఉంటేనే ఈ పని చెయ్యి" అని చెప్పే "ఇఫ్" బ్లాక్ ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది. ఇఫ్‌లో స్కోరు 10 కంటే ఎక్కువ అని పెడితే సరిగ్గా 10 ఉన్నవాళ్ళు కొనలేరు, స్క్రాచ్‌లో "ఎక్కువ లేదా సమానం" అనే బ్లాక్ లేదు, 9 కంటే ఎక్కువ అని పెట్టాలి, ఈ సంగతి పిల్లలు సొంతంగా పట్టుకున్న రోజు క్లాసులో ఎంత సంతోషమో, నాకు ఈ గేమ్ ఇష్టం కావడానికి కారణం అదే. ఆ తర్వాత క్లిక్ చెయ్యకుండానే సెకనుకి ఒక పాయింట్ వచ్చేలా "ఫరెవర్" లూప్ పెడతారు, అంటే అదే పని ఆగకుండా మళ్ళీ మళ్ళీ చేసే బ్లాక్, అందులో కాసేపు ఆగమనే "వెయిట్" మర్చిపోతే స్కోరు రివ్వున పరుగెడుతుంది.

బొమ్మ చోటు మారుతూ ఉండాలంటే కోఆర్డినేట్లు కూడా వస్తాయి, అంటే బొమ్మ ఎక్కడుందో చెప్పే నంబర్లు, తెర 480 బై 360, మధ్యలో సున్నా, ఎడమకీ కిందకీ మైనస్. లెక్కల్లో మైనస్ నంబర్లు ఇంకా రాని పిల్లలు కూడా ఇక్కడ వాడేస్తున్నారు.

ఇక మీకు నా రిక్వెస్ట్. గేమ్ పనిచెయ్యట్లేదని పిల్లలు వస్తే మౌస్ లాక్కుని మీరే సరిచెయ్యకండి, మీకు కోడింగ్ బాగా వచ్చినా సరే. "నువ్వు ఏం జరగాలనుకున్నావ్, ఇప్పుడేం జరుగుతోంది" అని అడగండి చాలు, పైనుంచి ఒక్కో బ్లాక్ మీకు చదివి వినిపిస్తుంటే సగం తప్పులు వాళ్ళకే దొరికిపోతాయి. కోడింగ్ రాని తల్లిదండ్రులు దీనికి ఇంకా బాగా పనికొస్తారు, నిజంగానే తెలీదు కాబట్టి పిల్లలు వివరంగా చెప్తారు. 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ తయారుచేసినవాళ్ళలో ఒకరైన సేమూర్ పేపర్ట్ కూడా ఇదే అనేవారు, ప్రోగ్రామ్ తప్పా ఒప్పా అని కాదు, సరిచెయ్యగలమా అని చూడాలని.

ఇంట్లో నెట్ సరిగ్గా లేకపోతే స్క్రాచ్ యాప్ ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే ఆఫ్‌లైన్‌లో కూడా నడుస్తుంది. ఫోన్ తెర మీద బ్లాకులు లాగడం కష్టం, ట్యాబ్ అయితే పర్లేదు, కంప్యూటర్, ట్యాబ్ రెండూ లేకపోతే చెప్పండి, స్కూల్ అయ్యాక ల్యాబ్‌లో కూర్చోబెడతాం. ఆన్‌లైన్‌లో షేర్ చేస్తే మాత్రం అసలు పేరు, ఫోటో, స్కూల్ పేరు పెట్టనివ్వకండి.

వచ్చే వారం క్లాసులో ఒకరి గేమ్ ఒకరు ఆడి చూస్తారు, సగమే అయినా, ఇంకా బగ్స్ (ప్రోగ్రామ్‌లో తప్పులు) ఉన్నా ఫైల్ సేవ్ చేసి అలాగే పంపండి.

మీ
హెడ్ మాస్టర్