లైసెన్సు ఒక్కటి రాసివ్వండి

సంపాదకులకు,

నేను డీటీపీ ఆపరేటర్‌ని. రాత్రిళ్లు తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో పాత పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను, పైసా రాదు. మార్క్సిస్టు రచనల్ని ఉచితంగా చదవనిచ్చే మార్క్సిస్ట్స్ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటును నడిపేదీ ఇలాంటి వాలంటీర్లే. 2014లో లారెన్స్ అండ్ విషార్ట్ అనే బ్రిటన్ ప్రచురణ సంస్థ కాపీరైట్ తమదనడంతో, మార్క్స్, ఎంగెల్స్‌ల సంకలిత రచనల పాఠాన్ని ఆ సైటు తీసేయాల్సి వచ్చింది. సొంత ఆస్తికి వ్యతిరేకంగా అంత రాసినవాళ్లకే ఈ గతి!

మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి. పుచ్చలపల్లి సుందరయ్య 1985లో మరణించారు. హక్కుదారులు ఒప్పుకుంటే తప్ప ఆయన రచనల కోసం 2046 దాకా ఆగాలి. అప్పటికి ఆ నాటి కరపత్రాల కాగితం మిగులుతుందా? పార్టీల ప్రచురణ సంస్థలు, నాయకుల కుటుంబాలు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని లైసెన్సు రాసిస్తే చాలు, టైపు మేం చేసుకుంటాం.

- ఒక పాఠకుడు, ఖమ్మం