ఎవరు చెప్పారని అడిగితే

ఏరా,

నీ ఉత్తరం వచ్చి పదిరోజులైంది. ఆలస్యానికి తిట్టుకో, పర్లేదు. నీ కూతురు ప్రతిదానికీ "అలా చెయ్యకూడదని ఎవరు చెప్పారు?" అని నిలదీస్తోందనీ, "నేను చెప్పాను" అనడం తప్ప నీ దగ్గర జవాబు లేదనీ రాశావే, అది చదివి పడీపడీ నవ్వాను. కాసేపటికి ఆలోచిస్తే నా దగ్గరా వేరే జవాబు లేదని తేలింది.

మనం గోళీలాడిన రోజులు గుర్తున్నాయా? గీత దాటావని నువ్వు, దాటలేదని నేను. ఆట కంటే తగువే ఎక్కువ. జాన్ పియాజే అని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త ఒకాయన సరిగ్గా ఆ తగువు దగ్గరే చతికిలబడి కూర్చున్నాడు. పిల్లల చేతికి గోళీలిచ్చి, ఎలా ఆడాలో నాకు నేర్పండి, ఈ రూల్సు ఎవరు పెట్టారు, మార్చొచ్చా అని అడిగేవాడు. అదంతా 1932లో అచ్చువేశాడు. చిన్నవాళ్ళు రూల్సు పెద్దవాళ్ళు పెట్టారనో, దేవుడు పెట్టాడనో, ముట్టుకోకూడదనో చెప్పేవాళ్ళు. చెప్పి, మరుక్షణం ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆడేవాళ్ళు! పది దాటినవాళ్ళు మాత్రం, అందరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చనేవాళ్ళు, ఒప్పుకున్నాక గట్టిగా పాటించేవాళ్ళు. (నాకు తెలిసిన పెద్దమనుషుల్లో సగంమంది ఇంకా ఆ మొదటి గుంపులోనే ఉన్నారు. పేర్లు నీకూ తెలుసు.)

అయితే అన్ని రూల్సూ గోళీల రూల్సు కావు కదా. స్వీడన్‌లో ప్రభుత్వం రోడ్డు రూలు మార్చిందని 1967 సెప్టెంబరు 3 తెల్లవారుజామున 4:50కి రోడ్డుమీదున్న బళ్ళన్నీ ఆగి, మెల్లగా ఎడమపక్క నుంచి కుడిపక్కకి జరిగి, సరిగ్గా ఐదింటికి కదిలాయి. నిన్న తప్పైంది ఇవాళ ఒప్పైంది, ఎవరి మనస్సాక్షీ మూలగలేదు. అదే ప్రభుత్వం "ఐదింటి నుంచి స్నేహితుణ్ణి మోసం చెయ్యొచ్చు" అని చాటింపు వేస్తే? నీ కూతురు కూడా ఒప్పుకోదు. ఎలియట్ ట్యూరియెల్ అనే ఇంకో మనస్తత్వవేత్త, ఆయన తోటివాళ్ళు బడికెళ్ళే చిన్నపిల్లల్నే అడిగి చూశారు. టీచరు సరేనంటే ఆటవస్తువులు సర్దకుండా వదిలెయ్యొచ్చా అంటే వదిలెయ్యొచ్చన్నారు. టీచరు సరేనంటే పక్కవాణ్ణి కొట్టొచ్చా అంటే, ఊహూఁ, ఎవరు చెప్పినా వద్దన్నారు.

ఆ పసివాళ్ళకి తెలిసింది పంతొమ్మిదేళ్ళప్పుడు నాకు తెలీలేదురా. ఇంటి గడప దాటగానే అన్నీ ఒకే మూటకట్టి పారేశాను. చీకటిపడేలోపు ఇంటికి రావాలి, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదు, తీసుకున్నది తిరిగిచ్చెయ్యాలి, అబద్ధమాడకూడదు... అన్నీ అమ్మానాన్నల నోటినుంచి వచ్చినవే కాబట్టి అన్నీ ఒకటే అనుకున్నా. ఏం చెప్పారో చూడలేదు, ఎవరు చెప్పారో చూసి పారేశాను.

నీ నోట్సు సంగతి ఇప్పుడు రాయక తప్పదు. పరీక్షల ముందు పోయింది, ఎవరో ఎత్తుకెళ్ళారన్నాను చూడు. ఎవరూ ఎత్తుకెళ్ళలేదు. నేనే బస్సులో మర్చిపోయాను. రెండేళ్ళ తర్వాత నీకు ఎలాగో తెలిసిందనీ నాకు తెలుసు. నువ్వు ఒక్క మాట అనలేదు. తిట్టే నాన్న పక్కన లేడు, శిక్షా లేదు, అయినా నువ్వు ఎదురుపడ్డప్పుడల్లా నా గొంతులో ఏదో అడ్డంపడేది. ఆ మూట విప్పి ఒక్కొక్కటే మళ్ళీ చూడ్డం అప్పుడు మొదలుపెట్టాను.

చీకటిపడేలోపు ఇంటికి రమ్మనడం మా అమ్మ భయం, పాపం. అది నాకు అక్కర్లేదు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదన్నది మాత్రం పారేశాననుకున్నా గానీ, అది నన్ను వదల్లేదు. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చినా నాన్న ముందు "నాకిష్టం లేదు" అనలేక, ఆయన చూపించిన ఉద్యోగంలో మూడేళ్ళు మగ్గాను. ఆ రూలు నా పిల్లలకి ఇవ్వను. ఎదురు చెప్పండి, అరవకండి అంటాను. ఫలితం: వాళ్ళు నిజంగానే ఎదురు చెప్తున్నారు, నేనే అరుస్తున్నాను.

ఒకప్పుడు సొంత జాబితా కూడా రాసి గోడకి అంటించాను. అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదమూడు సద్గుణాలు రాసుకుని, వారానికొకటి చొప్పున పట్టి, తప్పిన ప్రతిసారీ పుస్తకంలో నల్లచుక్క పెట్టుకునేవాడు. అన్నిట్లోకీ వస్తువులు పద్ధతిగా సర్దుకోవడమే తన్ను ఎక్కువ ఏడిపించిందని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ మాట చదివి ఎంత హాయేసిందో! నా జాబితా మూడోవారానికే ఊడి కిందపడింది. మళ్ళీ అంటించలేదు.

పారేసినవాట్లో తిరిగి ఏరి తెచ్చుకున్నది ఒకటుంది. "కోపంలో రాసిన ఉత్తరం తెల్లారేదాకా పోస్టు చెయ్యకు" అనేవాడు నాన్న. పిరికితనం అనుకునేవాణ్ణి. ముప్ఫై ఐదేళ్ళప్పుడు మా ఆఫీసరుకి రాత్రి పదకొండింటికి ఒక మెయిలు కొట్టాను. పొద్దున్న లేచి నేనే చదువుకుని తల పట్టుకున్నా. ఆ ఉద్యోగం పోలేదు గానీ ఒక మంచి మనిషితో మాటలు పోయాయి. ఇప్పుడు ఆ రూలు నాన్నది కాదు, నాదే.

మీ అమ్మాయికి ఏం చెప్పాలంటావా? ఈసారి అడిగితే, "నేను చెప్పకపోతే నువ్వేం చేసేదానివి?" అని తిరిగి అడిగి చూడు. ఏమందో నాకు రాయి. నోట్సు గురించి తిట్టాలనుంటే అదే ఉత్తరంలో తిట్టెయ్.

దీన్ని మాత్రం తెల్లారేదాకా ఆపను. ఆపితే నోట్సు పేరా చింపేస్తానేమోనని భయం.

నీ,
దొంగ వెధవ