ప్రభుత్వ సిబ్బంది భోజనం ఆర్డరు, మా మెస్ కొత్త ధర గురించి

మా మెస్‌లో రోజూ భోజనం చేసే పెద్దలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

తిరుపతిలోని ఒక ప్రభుత్వ కార్యాలయం వారు తమ సిబ్బందికి రోజూ మధ్యాహ్న భోజనం పంపగలరా అని గత నెలలో అడిగారు. ఖర్చు కార్యాలయ నిధుల నుంచే చెల్లిస్తామన్నారు. ఆ ఆర్డరు తీసుకోలేనని వారికి తెలియజేశాను. మీలో చాలామంది ప్రభుత్వ ఉద్యోగులే కనుకనూ, వచ్చే నెల నుంచి మా భోజనం ధర పెరుగుతోంది కనుకనూ, రెండింటికీ కారణాలు దాచకుండా చెబుతున్నాను.

జీతమూ, భోజన విరామమూ ఉన్న ఉద్యోగి రోజువారీ అన్నానికి ప్రజల డబ్బు ఖర్చు చేయడం న్యాయం కాదని నేను నమ్ముతున్నాను. ధరలు పెరిగితే కరువు భత్యం ఉంది. పని మీద ఊరు దాటితే దినభత్యం ఉంది. పార్లమెంటు క్యాంటీన్‌లో సైతం 2021లో సబ్సిడీ ఎత్తివేశారు. కొండ మీద అందరికీ ఉచితంగా పెడుతున్నప్పుడు ఉద్యోగులకు పెడితే తప్పేమిటని ఒక పెద్దాయన నన్ను అడిగారు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానానికి భక్తులు ఆ పని కోసమే మనసారా విరాళాలిస్తారు. పన్ను అలా కట్టేది కాదు. అన్న క్యాంటీన్‌లో 5 రూపాయల భోజనానికి ప్రభుత్వమే డబ్బు భరిస్తున్నా, అక్కడ వరుసలో నిలబడినవారిని ఏ ఉద్యోగమని ఎవరూ అడగరు.

అయితే డ్యూటీయే మనిషిని అన్నానికి దూరం చేసినప్పుడు పెట్టవలసింది ప్రభుత్వమే. గరుడ సేవ నాడు ఇతర జిల్లాల నుంచి బందోబస్తుకు వచ్చిన పోలీసులు గంటల తరబడి జనం మధ్య నిలబడతారు. హోటల్ వెతుక్కుంటూ వెళ్లడానికి వారికి వీలుండదు. పోలింగుకు ముందు రోజే సామగ్రితో పల్లెకు చేరే సిబ్బంది పరిస్థితీ అంతే. 2021 నవంబరు వరదల్లో తిరుపతి కాలనీలు నీట మునిగినప్పుడు ఆ నీళ్లలోనే పనిచేసిన పారిశుధ్య కార్మికులకు, కరెంటు సిబ్బందికి వేడి అన్నం పెట్టడం దయ కాదు, బాకీ. అలాంటి రోజుల్లో పొట్లం పాచిపోయి చేరడం కంటే అవమానం మరొకటి లేదు. ఇక ఔట్‌సోర్సింగ్ కార్మికులకైతే ఒక పూట భోజనం చూపి సరిపెట్టకుండా, జీతం పెంచి ప్రతి నెలా సకాలంలో ఇవ్వాలి. ఆ డబ్బుతో వారే కాక వారి పిల్లలూ తింటారు.

వ్యాపారం వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. గతంలో ఒక కార్యాలయానికి సమావేశాల భోజనాలు పంపినప్పుడు బిల్లు నెలల తరబడి రాలేదు. ఆ లోగా బియ్యం కొట్టుకు, గ్యాసుకు, వంట మాస్టరు జీతానికి నేను వడ్డీకి తెచ్చి కట్టాను. ఆ వడ్డీ చివరికి పడేది రోజూ నగదు ఇచ్చి తినే మీ ప్లేటు మీదనే: పన్నుగా ఒకసారి కట్టిన మీరే భోజనం ధరలో మరోసారి కట్టినట్లవుతుంది. రోజువారీ ఆర్డరు వద్దనుకోవడానికి ఇదీ ఒక కారణం.

వచ్చే నెల 1వ తేదీ నుంచి ప్లేటు భోజనం 90 రూపాయలకు బదులు 100 రూపాయలు. నూనె, పప్పులు, గ్యాసు సిలిండరు ధరలను బట్టి లెక్క వేసుకున్న ధర ఇది. ఎవరి బకాయీ ఇందులో కలపలేదు. రాగి సంగటి, పులగూర, ఊరిబిండి ఇప్పటిలాగే ఉంటాయి, పరిమాణం తగ్గదు. ఇప్పటికే తీసుకున్న నెల కార్డులు అయిపోయేవరకు పాత ధరకే చెల్లుతాయి. బందోబస్తు, ఎన్నికలు, వరద సహాయం వంటి డ్యూటీ ఆర్డర్లు మాత్రం సంతోషంగా తీసుకుంటాం. రాతపూర్వకమైన ఆర్డరుతో పాటు సగం సొమ్ము ముందుగా చెల్లించాలని ఆయా కార్యాలయాలను కోరుతున్నాం.