ఫ్యూజు కాదు నాన్నగారూ, రెసిస్టరు

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారాలు. మొన్న ఫోనులో నా కారు హీటరు సంగతి సగంలోనే ఆగిపోయింది. ఫ్యూజు కాలిపోయి ఉంటుందని మీరన్నారు. మొదట నేనూ అలాగే అనుకున్నాను గాని, ఫ్యూజు పోతే బ్లోయరు, అంటే గాలి విసిరే ఫ్యాను, ఏ వేగంలోనూ తిరగకూడదు. నా కారులో మీట ఒకటి, రెండు, మూడు అంకెల మీద ఉన్నంతసేపూ ఉలుకూ పలుకూ లేదు; నాలుగు మీదికి తిప్పగానే మాత్రం హోరుమని గాలి వస్తోంది.

ఇలాంటి పాత కార్లలో తక్కువ వేగాలకు కరెంటు, దానిని తగ్గించే రెసిస్టరు అనే భాగం గుండా బ్లోయరు మోటారుకు చేరుతుంది. నాలుగో వేగానికి మాత్రం దానితో పని లేకుండా బ్యాటరీ వోల్టేజి మొత్తం నేరుగా అందుతుంది. అందుచేత అనుమానమంతా రెసిస్టరు మీదికే పోయింది. అది పనిచేస్తూ బాగా వేడెక్కే వస్తువు గనుక, బ్లోయరు గాలే దానిని చల్లబరిచేటట్టు గాలిగొట్టంలోనే అమరుస్తారు.

ఆదివారం ఉదయం బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, గ్లవ్ బాక్స్ ఊడదీసి, డ్యాష్‌బోర్డు కిందికి తల దూర్చి వెల్లకిలా పడుకున్నాను. రెండు స్క్రూలకు అరగంట పట్టింది. ఈ కారును రూపొందించినవారు దానిని మరమ్మతు చేసేవాడి మెడ గురించి ఒక్క క్షణమైనా ఆలోచించినట్టు లేరు. రెసిస్టరు బయటికి వచ్చాక చూస్తే, వేడి మితిమీరితే తెగిపోయేలా అందులో పెట్టిన ఫ్యూజు తెగి ఉంది. కనెక్టరు ప్లాస్టిక్ కూడా ఒక మూల కరిగి గోధుమరంగుకు తిరిగింది.

కొత్త రెసిస్టరు, కొత్త కనెక్టరు వేసి పని అయిపోయిందనిపించుకోవచ్చు. కాని రెసిస్టరు ఊరికే కాలదు. మోటారు ఫ్యాను చేత్తో తిప్పి చూస్తే బిగుసుకుపోయి, ఒక చుట్టయినా సాఫీగా తిరగలేదు. చలి ఉదయాల్లో కీచుమని వినిపించిన చప్పుడు దానిదేనని అప్పుడు అర్థమైంది. బిగుసుకున్న మోటారు తిరగడానికి కరెంటు ఎక్కువ లాగుతుంది, పైగా నెమ్మదిగా తిరిగి గాలి తక్కువ విసురుతుంది; అంటే రెసిస్టరుకు వేడి పెరిగి చల్లదనం తగ్గుతుంది. దానికి తోడు, కారు లోపలికి వచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టరు ఎండుటాకులతో, దుమ్ముతో మూసుకుపోయి ఉంది. మోటారు లాగే అదనపు కరెంటు 30 ఆంపియర్ల ఫ్యూజును తెంచేటంత లేదు గనుక, మీరు అనుమానించిన ఆ ఫ్యూజు చెక్కుచెదరలేదు. మధ్యలో ఉన్న రెసిస్టరు బలైంది. అందుకని మోటారు, ఫిల్టరు కూడా మార్చాను.

చలికి వణుకుతూ బండి నడుపుతున్నానని అమ్మ బెంగపెట్టుకుందన్నారు. వేడి వచ్చేది ఇంజనును చల్లబరిచే ద్రవం, అంటే కూలెంటు, నుంచే; బ్లోయరు దానిని లోపలికి నెట్టడమే చేస్తుంది. ఆ వేడి ఏనాడూ తగ్గలేదని, హోరు భరిస్తూ నాలుగో వేగంలో నెట్టుకొచ్చానని చెప్పండి. ఇప్పుడు రెండో వేగంలోనే ముందు అద్దం మీది ఆవిరి విడిపోతోంది. పాత మోటారు పారేయలేదు. వచ్చేటప్పుడు తెస్తాను, ఇరుసు తిరిగే బుష్‌లు ఎంత అరిగాయో మీరే విప్పి చూద్దురు గాని.

ఇట్లు,
మీ కుమారుడు